టీపీస్: ఊరి పేరు పెట్టుకుని ఊరొదిలిపోయిన జట్టు

మంచు మీద ఆడే హాకీ గురించి శ్రీకాకుళంలో కూర్చుని రాయడమేంటని నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం ఇబ్బంది లేదు. మా అన్నయ్య కొడుకు కెనడాలో బ్రాక్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. అది ఉన్న ఊరు సెయింట్ కాథరీన్స్, ఒంటారియో రాష్ట్రం, నయాగరా జలపాతానికి దగ్గర. వాడు వెళ్లినప్పట్నుంచి మా వదిన అక్కడ చలి ఎంతుందో ఫోన్‌లో చూసుకుంటుంది, అన్నయ్య డాలర్ రేటు చూసుకుంటాడు, నేనేమో ఆ ఊరి పాత హాకీ జట్టు వెనకాల పడ్డాను. సెయింట్ కాథరీన్స్ టీపీస్. 1947 నుంచి 1962 దాకా ఆ పేరుతో ఆడింది. తర్వాత పేరు పోయింది, ఆ తర్వాత జట్టే పోయింది.

మావాడికి చెబితే "ఏటి చిన్నాన్నా, ఇక్కడున్న నాకే తెలీదు, అక్కడుండి నీకెందుకివన్నీ" అన్నాడు. వాడు పార్ట్‌టైమ్ చేసేది టిమ్ హోర్టన్స్‌లో. ఒరే, ఆ టిమ్ హోర్టన్ ఉత్త కాఫీ కొట్టు ఓనరు కాదు, టొరంటోకి ఏళ్ల తరబడి డిఫెన్స్ ఆడిన హాకీ ప్లేయరు, 1964లో హామిల్టన్‌లో మొదటి షాపు తెరిచాడు, 1974 ఫిబ్రవరిలో టొరంటోలో మ్యాచ్ ఆడి ఆ రాత్రే బఫెలోకి కారులో వెళ్తూ మీ ఊరి హైవే మీదే ప్రమాదంలో పోయాడు అని చెప్పాక కాసేపు ఏం మాట్లాడలేదు. అప్పట్నుంచి కాస్త వింటున్నాడు.

జూనియర్ హాకీ అంటే ఏంటో ముందు చెప్పేస్తాను, లేకపోతే స్కూలు పిల్లల ఆటల పోటీలనుకుంటారు. అది ఇరవై ఏళ్ల లోపు కుర్రాళ్ల ఆట. గోలీ, అంటే గోల్ కాసేవాడితో కలిపి మంచు మీద ఒక్కో వైపు ఆరుగురు, ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు, బంతి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల. టిక్కెట్లు కొనుక్కుని జనం వస్తారు, రేడియోలో కామెంటరీ ఉంటుంది, దేశం మొత్తం మీద గెలిచిన జట్టుకు మెమోరియల్ కప్ ఇస్తారు, అది మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా 1919లో పెట్టిన కప్పు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఈ కుర్రాళ్లలో చాలామంది ఆ ఊరివాళ్లు కారు. పదహారేళ్లకే ఇల్లు వదిలి, ఎక్కడో దూరాన తెలియనివాళ్లింట్లో ఒక గదిలో ఉంటూ, వాళ్లు పెట్టింది తింటూ, పగలు అక్కడి స్కూలుకి వెళ్లి సాయంత్రం ప్రాక్టీసుకి పోతారు. మా వైపు నుంచి హైదరాబాద్ అపార్ట్‌మెంట్ పనులకీ, గుజరాత్ వేరావల్ బోట్ల మీదకీ వెళ్లే కుర్రాళ్ల వయసు కూడా ఇంచుమించు అదే. పోలిక అక్కడితో ఆపుతాను, కానీ ఈ చరిత్ర చదువుతుంటే నాకు మొదట తట్టింది మాత్రం వలసే.

పేరు సంగతి చిన్నదే. ఊళ్లో థాంప్సన్ ప్రాడక్ట్స్ అని కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ ఉండేది, జట్టుకు స్పాన్సర్ వాళ్లే, ఆ కంపెనీ పేరులోని పొడి అక్షరాలు టీ, పీ కలిపి టీపీస్ అన్నారు. అంతకుముందు 1943 నుంచి ఫాల్కన్స్ అనే జట్టుండేది, దాని మీదే ఇది లేచింది. ఆడే చోటు గార్డెన్ సిటీ అరీనా, 1938లో కట్టింది. ఊళ్లో రేడియో స్టేషన్ సీకేటీబీ, అందులో రెక్స్ స్టిమర్స్ అనే కామెంటేటరు, మనిషి ఎంత ఆవేశంగా చెప్పేవాడంటే తర్వాతి కాలంలో ఊరివాళ్లు ఒక అరీనాకు ఆయన పేరే పెట్టుకున్నారు. ఆటగాళ్ల పేర్లు పెట్టడం ఎక్కడైనా ఉన్నదే, మన ఊళ్లో కోడి రామ్మూర్తి స్టేడియం లేదూ. కామెంటరీ చెప్పినాయనకి అంత మర్యాద చేసిన ఊరంటే నాకు గౌరవం పెరిగింది.

పైకి ఊరి జట్టు, ఊరి కంపెనీ డబ్బు. లోపల వ్యవహారం వేరు. అప్పట్లో ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే అమెరికా, కెనడాల పెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగులో, ఆరే జట్లు. ఒక్కో పెద్ద జట్టు కింద కొన్ని జూనియర్ జట్లుండేవి, టీపీస్ షికాగో బ్లాక్ హాక్స్ కిందది. కుర్రాడి చేత సీ ఫారం అని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకునేవాళ్లు. ఆ సంతకం పడితే, పెద్దయ్యాక ప్రొఫెషనల్‌గా ఆడాలంటే ఆ ఒక్క క్లబ్బుకే ఆడాలి, ఇంకెక్కడికీ పోవడానికి లేదు. మైనరు కాబట్టి తల్లిదండ్రులు కూడా ఒప్పుకోవాలి. పేదవాళ్ల ఇళ్లు, చేతిలో నాలుగు నోట్లు పెట్టగానే ఒప్పుకునేవాళ్లు. బాబీ ఓర్ తెలుసు కదా, ఆటలో అందరికంటే గొప్ప డిఫెన్స్ ఆటగాడంటారు, 1962లో పద్నాలుగేళ్లకి బోస్టన్ క్లబ్బుకి సంతకం పెట్టినందుకు ముట్టినవాటిలో వాళ్ల ఇంటి గోడలకు గార చేయించడం కూడా ఒకటి. ఓర్ టీపీస్ ఆటగాడు కాడు, అయినా ఆ గార సంగతి చదివాక చెప్పకుండా ఉండలేకపోయాను. జీవితాంతం ఆడే ఆటకి ఖరీదు కట్టి గోడకి పూత పూశారు.

షికాగోకి ఇంకో సౌకర్యం ఏంటంటే సీజన్ ముందు శిక్షణ శిబిరం కూడా సెయింట్ కాథరీన్స్‌లోనే పెట్టుకునేది. అంటే పెద్దాళ్లు వచ్చి అదే మంచు మీద ఆడుతుంటే పిల్లలు చూస్తారు, వాళ్ల దగ్గర పని నేర్చుకుంటారు, క్లబ్బు మేనేజర్లు పిల్లల్ని చూస్తారు. బాబీ హల్ కథ అక్కడిదే. 1957 శరత్కాలం, పద్దెనిమిదేళ్లు, పాయింట్ ఆన్ అనే పల్లె నుంచి వచ్చి ఈ ఊళ్లో ఉంటున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం స్కూలు తరఫున ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడి, బసకొచ్చి అన్నానికి కూర్చున్నాడు. ఇంతలో కబురు, ఈ రాత్రి షికాగో వాళ్లు న్యూయార్క్ రేంజర్స్‌తో ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడుతున్నారు, నువ్వు రావాలి అని. వెళ్లాడు, రెండు గోల్స్ కొట్టాడు. ఇంకేముంది, తల్లిదండ్రుల్ని పిలిపించి కాంట్రాక్టు మీద సంతకాలు పెట్టించేశారు. మధ్యాహ్నం స్కూలు కుర్రాడు, రాత్రికి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు. జూనియర్‌లో ఇంకా ఆడాల్సిన సీజన్లు మిగిలే ఉన్నాయి, టీపీస్‌కి అవి దక్కలేదు. తర్వాతి కాలంలో హల్ ఇంట్లో ఎలా ప్రవర్తించాడన్న దాని మీద భార్యలు చెప్పినవి చదివితే మనసు పాడవుతుంది, దాన్ని ఆట వెనక దాచాలని నాకు లేదు. ఇక్కడ చెప్పేది ఆ ఒక్క రోజు గురించే.

నాకు అసలు ఇష్టమైనది స్టాన్ మికిటా కథ. టీపీస్‌కి 1956 నుంచి 1959 దాకా ఆడాడు. పుట్టింది 1940లో, ఇప్పటి స్లొవాకియాలో సోకోల్చే అనే పల్లెలో, అప్పుడు పేరు స్టానిస్లావ్ గ్వోత్. సెయింట్ కాథరీన్స్‌లో స్థిరపడిన జో, ఆనా మికిటా అనే బంధువులకు పిల్లల్లేరు. వాళ్లు 1948లో ఊరికొచ్చినప్పుడు కుర్రాణ్ణి మాకిచ్చేయండి, తీసుకెళ్లి పెంచుకుంటాం అన్నారు. తల్లిదండ్రులు కాదన్నారు. ఆ తర్వాత జరిగింది మికిటా పెద్దయ్యాక తనే చెప్పుకునేవాడు. రాత్రి పడుకున్నాడు, ఆకలేసింది, పెద్దాళ్లు మాట్లాడుకుంటున్న చోటికొచ్చి జామ్ రాసిన రొట్టె ముక్క కావాలన్నాడు, వాళ్లమ్మ ఇప్పుడేంటి పోయి పడుకో అంది, వీడు ఏడుపందుకున్నాడు. కెనడా వెళ్లనివ్వలేదని ఏడుస్తున్నాడనుకున్నారట వాళ్లు. సరే తీసుకెళ్లండి అనేశారు. దేశంలో అప్పుడే కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది, పిల్లాడైనా బయటపడతాడన్న ఆలోచన కూడా వాళ్ల మనసులో లేకపోలేదు. అయినా ఒక రొట్టె ముక్క దగ్గర తేలిపోయింది జీవితం. ఆ డిసెంబరులో, ఎనిమిదేళ్ల వయసులో, పిన్నీ బాబాయిల్లాంటి వాళ్లని అమ్మానాన్నా అనుకుంటూ కొత్త ఇంటిపేరుతో ఆ ఊళ్లో దిగాడు.

ఇంగ్లీషు ముక్క రాదు. ఇంటి ముందు వీధిలో పిల్లలు కర్రలతో హాకీ ఆడుతుంటే వరండాలోంచి చూస్తూ ఉండేవాడు, ఒక రోజు వాళ్లే ఒక కర్ర చేతికిచ్చారు. స్కూల్లో మాత్రం డీపీ అని ఏడిపించేవాళ్లు, యుద్ధం తర్వాత యూరప్ నుంచి వచ్చిపడ్డ నిరాశ్రయుల్ని అక్కడ అలా అనేవాళ్లు. దానికి జవాబు పిడికిలితో ఇవ్వడం అలవాటైపోయింది. ఆ అలవాటు ఎన్‌హెచ్‌ఎల్ దాకా వచ్చింది, 1964–65 సీజన్లో పెనాల్టీ బాక్సులో, అంటే తప్పు చేసినవాణ్ణి ఆట నుంచి తప్పించి కూర్చోబెట్టే చోట, 154 నిమిషాలు కూర్చున్నాడు. అక్కడుంది తమాషా. వాళ్ల చిన్న కూతురు టీవీలో మ్యాచ్ చూస్తూ, మిగతావాళ్లంతా ఆడుతుంటే నాన్నొక్కడే ఎందుకు కూర్చుంటున్నాడని వాళ్లమ్మనడిగిందట. రెండేళ్లలో, 1966–67కి, ఆ 154 కాస్తా 12 నిమిషాలైంది. ఆ ఏడాది ఎక్కువ పాయింట్లకి (కొట్టిన గోల్స్, కొట్టించిన గోల్స్ కలిపి) ఇచ్చే ఆర్ట్ రాస్, అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్, మర్యాదగా ఆడినవాడికిచ్చే లేడీ బింగ్ మూడూ ఒకేసారి గెలిచాడు. తర్వాతి ఏడాది మళ్లీ మూడూ గెలిచాడు. ఆ మూడూ ఒకే సీజన్లో ఇంకెవరికీ రాలేదు. అన్ని గోల్స్ కొట్టినవాడికి మర్యాదస్తుడి బహుమతి రావడం నాకు గోల్స్ కంటే గొప్పగా అనిపిస్తుంది.

ఆయన పుట్టిన సోకోల్చే ఇప్పుడు లేదు. లిప్టోవ్‌స్కా మారా అనే రిజర్వాయరు కట్టినప్పుడు చుట్టుపక్కల పల్లెలతో పాటు నీళ్లలో కలిసిపోయింది. హిరమండలం రిజర్వాయరు కింద ఊళ్లు పోయిన కుటుంబాలు మా వీధి చివర ఇళ్లు కట్టుకుని ఉంటున్నాయి కాబట్టి ఈ వాక్యం దగ్గర నేను కాస్త ఎక్కువసేపే ఆగాను. వాళ్లలో ఒక తాతని ఊరెక్కడ అనడిగితే ఇప్పటికీ మునిగిపోయిన ఊరి పేరే చెబుతాడు.

కప్పుల విషయానికొస్తే టీపీస్ మెమోరియల్ కప్ రెండుసార్లు గెలిచింది, రెండుసార్లూ ఎడ్మంటన్ ఆయిల్ కింగ్స్ మీదే. 1954లో కోచ్ రూడీ పిలూస్, జట్టుకు ఊపిరి బ్రయన్ కల్లెన్. అవతలి జట్టులో తర్వాత పెద్ద పేర్లయిన నార్మ్ ఉల్‌మన్, జానీ బ్యూసిక్ ఉన్నా టీపీస్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, నాలుగు గెలిచి ఒకటి డ్రా. 1960లో నాలుగు మ్యాచ్‌లు గెలిచి రెండు ఓడి కప్పు కొట్టారు, కోచ్ మాక్స్ కామిన్‌స్కీ. ఆయన తర్వాతి ఏడాదే క్యాన్సర్‌తో పోయాడు, టీపీస్ ఆడిన ఒంటారియో జూనియర్ లీగులో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికి ఇప్పటికీ ఆయన పేరు మీదే ట్రోఫీ ఇస్తున్నారు. ఆ 1960 జట్టు గోలీ రోజర్ క్రోజియర్ 1966లో డెట్రాయిట్ తరఫున ఫైనల్ ఓడిపోయి కూడా ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర కప్పు కోసం ఆడే నాకౌట్ పోటీల్లో) ఉత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ తీసుకున్నాడు. ఓడిన జట్టువాడికి ఆ ట్రోఫీ దక్కడం అదే మొదలు.

ఇక 1961. షికాగో స్టాన్లీ కప్, అంటే ఎన్‌హెచ్‌ఎల్ ఛాంపియన్‌కిచ్చే కప్పు, గెలిచింది. కోచ్ ఎవరు? అదే రూడీ పిలూస్. కెప్టెన్‌గా కప్పు తీసుకున్న ఎడ్ లిట్జెన్‌బర్గర్‌ని పక్కన పెట్టి చూస్తే బాబీ హల్, మికిటా, పియెర్ పిలోట్, ఎల్మర్ వాస్కో, అందరూ టీపీస్‌లో ఆడి వెళ్లినవాళ్లే. ప్లేఆఫ్స్‌లో ఎక్కువ గోల్స్ మికిటావి. సెయింట్ కాథరీన్స్ జనం ఆ కప్పు మాదే అనుకుని ఉంటారు, అనుకోవడంలో తప్పేముంది. కానీ ఊరేగింపు షికాగోలో, పేరు షికాగోది. మరుసటి ఏడాదే, 1962లో, టీపీస్ అన్న పేరు కూడా తీసేసి జట్టుకు సెయింట్ కాథరీన్స్ బ్లాక్ హాక్స్ అని పెట్టారు. యజమాని పేరు బోర్డు మీదకొచ్చింది, అంతే తేడా. ఆఖరి టీపీస్ సీజన్లో ఆడిపోయిన ఒక కుర్రాడి పేరు ఫిల్ ఎస్పొసీటో, తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో గోల్స్‌కి పేరుమోసినవాడు.

బ్లాక్ హాక్స్ కాలంలో ఒక్క సంఘటన చెప్పి ముందుకెళ్తాను. మార్సెల్ డియోన్ అనే కుర్రాడు, క్యుబెక్ రాష్ట్రంలో డ్రమండ్‌విల్ ఊరివాడు, ఫ్రెంచి మాతృభాష. 1968లో అక్కడి లీగు వదిలి ఇక్కడికొచ్చి ఆడాడు, వరసగా రెండేళ్లు లీగులో ఎక్కువ పాయింట్లు కొట్టాడు. 1971లో మెమోరియల్ కప్ దారిలో ఈ జట్టుకీ క్యుబెక్ రెంపార్స్‌కీ సిరీస్ పడింది. అటువైపు గై లాఫ్లేర్, ఇటువైపు డియోన్, ఆ వయసులో దేశంలో ఆ ఇద్దర్ని మించినవాళ్లు లేరు. కొన్ని నెలల ముందే క్యుబెక్‌లో వేర్పాటువాదులు మంత్రిని కిడ్నాప్ చేసి చంపారు, సైన్యం వీధుల్లోకొచ్చింది, ఆ వేడింకా చల్లారలేదు. సొంత భాషవాడై ఉండి ఇంగ్లీషోళ్ల జట్టుకి ఆడతాడా, ద్రోహి అన్నారు. స్టాండ్స్‌లోంచి చేతికందింది విసిరారు, జట్టు బస్సు మీద పడ్డారు. కుర్రాళ్ల తల్లిదండ్రులు మళ్లీ ఆ ఊరికి పంపం అని మొండికేశారు, సిరీస్ మధ్యలోనే ఆగిపోయింది. రెంపార్స్ ముందుకెళ్లి ఆ ఏడాది కప్పు గెలుచుకుంది.

పొట్టకూటికో ఆటకో ఊరు వదిలినవాణ్ణి ద్రోహి అనడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. అలా అనుకుంటే మా జిల్లాలో ఇంటికొక ద్రోహి ఉంటాడు. కరణం మల్లీశ్వరి మా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది, ఉండేది హర్యానాలో. ఇక్కడెవరూ పల్లెత్తు మాటనరు, పైగా ఆ పేరెత్తితే మా మల్లీశ్వరి అంటారు. డియోన్‌కి ఆ పాటి అదృష్టం లేకపోయింది.

ఇక జట్టు పోయిన తీరు. దివాలా తీయలేదు, అరీనా కూలలేదు. అక్కడ జట్టంటే ఫ్రాంచైజ్, మన దగ్గర రేషన్ డిపో లైసెన్సు లాంటిది, ఊరి పేరు మీద నడుస్తుంది గానీ ఊరిది కాదు, ఎవడి చేతిలో ఉంటే వాడు చెప్పిన చోట తెరుచుకుంటుంది. 1960ల చివరికల్లా పెద్ద క్లబ్బులు పిల్లల్ని ఇలా కట్టిపడేసే పద్ధతి పోయి డ్రాఫ్ట్, అంటే క్లబ్బులు వంతుల వారీగా కుర్రాళ్లని ఎంచుకునే పద్ధతి, వచ్చింది. కుర్రాళ్లకది మంచిదే, కాదనను, గార పూతకి జీవితం రాసివ్వాల్సిన పని తప్పింది. కాకపోతే పెద్ద క్లబ్బు అండ పోయాక జూనియర్ జట్టు మామూలు వ్యాపారం అయిపోయింది. 1976లో యజమాని హాప్ ఎమ్స్ జట్టుని పక్కనే ఉన్న నయాగరా ఫాల్స్‌కి తీసుకుపోయి ఫ్లయర్స్ అని పేరు పెట్టాడు. పక్క ఊరికి పోవడం మరీ బాధ, దూరం పోతే మర్చిపోవచ్చు. 1982లో అక్కణ్ణుంచి ఉత్తరాన నార్త్ బేకి పోయి సెంటెనియల్స్ అయింది. 2002లో ఏకంగా సరిహద్దు దాటి అమెరికాలో మిషిగన్ రాష్ట్రం సాగినా చేరి సాగినా స్పిరిట్ అయింది. సెయింట్ కాథరీన్స్‌కి మధ్యలో ఒకటి రెండు జట్లు వచ్చి పోయాయి, చివరికి 2007లో మిస్సిసాగా నుంచి నయాగరా ఐస్‌డాగ్స్ వచ్చింది, అదీ ఇంకో ఊరినుంచి లేపుకొచ్చిందే. ఆ ఊళ్లో కూడా ఎవరో బాధపడే ఉంటారు. ఐస్‌డాగ్స్ మొదట ఆడింది ఆ పాత గార్డెన్ సిటీ అరీనాలోనే, 2014లో కొత్తది కట్టాక అక్కడికి మారారు. మావాడు ఇప్పుడు ఆ కొత్త అరీనాలో మ్యాచ్‌కి వెళ్దామని రూమ్మేట్స్‌ని పోగేస్తున్నాడు, చలికి ఏం వేసుకోవాలన్న దాని మీద వాళ్లమ్మకీ వాడికీ పెద్ద చర్చ నడుస్తోంది.

మొన్న ఫోన్‌లో వాడికి ఆఖరి ముక్క చెప్పాను. 2024లో మెమోరియల్ కప్ టోర్నమెంట్ సాగినాలోనే జరిగింది, ఫైనల్లో లండన్ నైట్స్‌ని 4–3తో ఓడించి సాగినా స్పిరిట్ కప్పు గెలిచింది. ఫ్రాంచైజ్ వరసలో చూస్తే ఇది 1954లో, 1960లో గెలిచిన ఆ జట్టే, అరవై నాలుగేళ్ల తర్వాత మూడో కప్పు. సాగినా వాళ్ల లెక్కలో మాత్రం ఇది మొదటిది. "అయితే చిన్నాన్నా, మా ఊరికి రెండా, మూడా?" అన్నాడు. అప్పుడే మా ఊరు అనేస్తున్నాడు వెధవ. రెండేరా, మూడోది వాళ్లది, వాళ్ల పిల్లలు ఆడి గెలిచారు, వాళ్ల జనం టిక్కెట్లు కొన్నారు అని నేను. కాయితాల ప్రకారం మూడే కదా అని వాడు. ఇంకా తేలలేదు, సంక్రాంతికి మా అన్నయ్య ఇంట్లో వీడియో కాల్‌లో మళ్లీ మొదలుపెడతాం.